ఫీనిక్స్ ఎండల్లో పిల్లలు, అత్తయ్య మావయ్యలతో సమ్మర్ గడిపేదెలా? తక్కువ ఖర్చులో ఐడియాలు చెప్పండి ప్లీజ్

చాండ్లర్_కొత్తకాపురం అడిగారు:

అందరికీ నమస్తే అండి. మేము మార్చిలో న్యూజెర్సీ నుంచి ఫీనిక్స్ పక్కన చాండ్లర్ వచ్చాం, మా ఆయన ప్రాజెక్ట్ ఇక్కడికి మారింది. వచ్చిన కొత్తలో రోజూ సాయంత్రం పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళేదాన్ని, ఇంత మంచి వెదర్ వదిలేసి ఇన్నేళ్ళు ఆ మంచులో ఎందుకు ఉన్నామా అనుకున్నా. మే సగం అయ్యేసరికి సీన్ మొత్తం మారిపోయింది. మొన్న పార్కులో జారుడుబల్ల మీద కూర్చోగానే మా పాప కెవ్వుమంది, తొడ వెనక ఎర్రగా కందిపోయింది. ఇంకా అసలు ఎండలు మొదలే కాలేదని పక్కింటివాళ్ళు నవ్వుతూ చెప్తున్నారు, నాకేమో నవ్వు రావట్లేదు.

మా పరిస్థితి ఏంటంటే బాబుకి ఫోర్త్ గ్రేడ్ అయిపోతోంది, పాపకి అయిదేళ్ళు. జూన్ మొదటి వారంలో మా అత్తయ్య మావయ్య ఇండియా నుంచి వస్తున్నారు, సమ్మర్ అంతా ఉంటారు. నాకు ఇంకా వర్క్ పర్మిట్ రాలేదు కాబట్టి ఒక్క జీతం, మూవింగ్ ఖర్చులు ఇంకా క్రెడిట్ కార్డు మీదే ఉన్నాయి. సమ్మర్ క్యాంప్ అని ఒకచోట ఫోన్ చేస్తే ఒక్క పిల్లాడికి వారానికి చెప్పిన రేటు విని థాంక్యూ అని పెట్టేశా. ఇద్దరినీ పంపిస్తే ఆ డబ్బుతో ఇండియా టికెట్ వచ్చేస్తుంది.

పగలంతా అయిదుగురం ఒకే హాల్లో, పిల్లలు ట్యాబ్లెట్ కోసం కొట్టుకుంటూ, మావయ్యగారు బయటికి వాకింగ్ కి వెళ్తానని అంటూ (ఆయనకి రోజూ గంట నడవకపోతే తోచదు)... ఇది తలుచుకుంటేనే భయమేస్తోంది. కారు ఒక్కటే, వారంలో రెండ్రోజులే నా చేతికి వస్తుంది. అసలు ఇక్కడి తెలుగువాళ్ళు సమ్మర్ ఎలా నెట్టుకొస్తున్నారు? పెద్దగా ఖర్చు లేకుండా చేసేవి ఏమైనా ఉంటే చెప్పండి. లేక్‌లు, వాటర్ పార్కులు అని గూగుల్ చెప్పేవి కాకుండా మీరు నిజంగా చేసేవి.


గిల్బర్ట్_వనజ:

వెల్‌కమ్ టు ఓవెన్ అండి :) ముందు ఒక మాట చెప్తా, ఈ ఊళ్ళో చేయడానికి ఏమీ లేక కాదు, టైమ్ తెలియక ఇబ్బంది. ఇండియాలో ఎండాకాలం మన అమ్మమ్మలు ఏం చేసేవాళ్ళో అదే ఇక్కడా, తెల్లవారుజామున పనులన్నీ అయిపోవాలి, మధ్యాహ్నం తలుపులు వేసుకోవాలి, పొద్దుపోయాక మళ్ళీ బయటికి రావాలి. న్యూజెర్సీ లాగా పది గంటలకి లేచి టిఫిన్ తిని పార్కుకి వెళ్దాం అంటే కుదరదు. జూన్‌లో అయిదుంపావు అయిదున్నరకే తెల్లారిపోతుంది, ఏడున్నర దాకా బయట ఉండొచ్చు, ఎనిమిది దాటితే ఇక లోపలికే. మావయ్యగారి వాకింగ్ కూడా ఆ టైమ్‌లోనే, గిల్బర్ట్‌లో రిపేరియన్ ప్రిజర్వ్ అని ఉంది, 110 ఎకరాల్లో చెరువులు, చెట్లు, కొంగలు, బాతులు, కుందేళ్ళు. ఎంట్రీ ఫ్రీ. మట్టి దారి, ఎత్తుపల్లాలు లేవు, పెద్దవాళ్ళకి కూడా బాగుంటుంది. మా నాన్నగారు వచ్చినప్పుడు అక్కడ ఇంకో ఇద్దరు తెలుగు తాతయ్యలు పరిచయమై రోజూ బెంచీ మీద ఆంధ్రా రాజకీయాలు, మేము వెళ్ళి పిలిచినా వచ్చేవారు కాదు.

అదే ప్రిజర్వ్‌లో ఒక చిన్న అబ్జర్వేటరీ ఉంది, శుక్ర శనివారాలు రాత్రి ఆకాశం బాగుంటే తెరుస్తారు, అది కూడా ఫ్రీ. ఇక్కడి ఆస్ట్రానమీ క్లబ్ వాలంటీర్లు ఉంటారు, ఓపికగా చూపిస్తారు. జులైలో మబ్బులు పట్టకముందే జూన్‌లో వెళ్ళండి.

మధ్యాహ్నాలకి లైబ్రరీనే దిక్కు. చాండ్లర్‌లో నాలుగు బ్రాంచిలు, డౌన్‌టౌన్, సన్‌సెట్, బాషా, హామిల్టన్. ఏదో ఒక దాంట్లో రోజూ ఏదో ఒకటి ఉంటుంది, కథలు చెప్పడం, లెగో, మ్యాజిక్ షో, అన్నీ ఫ్రీ. జూన్ 1 నుంచి ఆగస్టు 1 దాకా కౌంటీ మొత్తానికి సమ్మర్ రీడింగ్ ఉంటుంది, చదివిన నిమిషానికి ఒక పాయింటు, వెయ్యి పాయింట్లు వస్తే ఒక పుస్తకం ఇచ్చేస్తారు మనకే. పెద్దవాళ్ళు కూడా రిజిస్టర్ అవ్వొచ్చు, మీ మావయ్యగారు పేపర్ చదివినా లెక్కే, పిల్లలకీ తాతకీ పోటీ పెట్టండి. లైబ్రరీ కార్డు మీదే కల్చర్ పాస్ అని ఇస్తారు, దాంతో మ్యూజియంలకి ఫ్రీగా వెళ్ళొచ్చు. ఎవరు ముందు తీసుకుంటే వాళ్ళకి, సమ్మర్‌లో తొందరగా అయిపోతాయి కాబట్టి వెళ్ళినప్పుడల్లా ఒకసారి అడగండి. ఒక్కో మ్యూజియంకి ఎంతమందిని రానిస్తారో పాస్ మీద ఉంటుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, కరెంటు బిల్లు. మీ కరెంటు కంపెనీ ఏపీఎస్ అయితే టైమ్ ప్లాన్‌లో వీక్ డేస్ సాయంత్రం 4 నుంచి 7 దాకా రేటు మండిపోతుంది, ఎస్ఆర్‌పీ అయితే ప్లాన్‌ని బట్టి గంటలు మారతాయి, అకౌంట్లో చూసుకోండి. ఆ టైమ్‌కి ముందే ఇల్లు బాగా చల్లబరిచి, థర్మోస్టాట్ పైకి పెట్టేసి అందరూ కలిసి లైబ్రరీకో సిటీ పూల్‌కో వెళ్ళిపోండి. ఇంట్లో కూర్చుని ఏసీకి కట్టే డబ్బుతో పూల్ టికెట్లు వచ్చేస్తాయి, నేను ఊరికే అనట్లేదు. చాండ్లర్‌లో ఆరు సిటీ పూల్స్ ఉన్నాయి, రెసిడెంట్స్‌కి టికెట్ చాలా తక్కువ. మెస్కిట్ గ్రోవ్స్ పెద్దది, పిల్లలకి అదే నచ్చుతుంది.

స్ప్లాష్ ప్యాడ్‌లు (నేలలోంచి నీళ్ళు చిమ్మే చోట్లు, పిల్లలు తడుస్తూ ఆడుకుంటారు) కూడా ఫ్రీనే, డెజర్ట్ బ్రీజ్ పార్కులో ఒకటి, గిల్బర్ట్ డౌన్‌టౌన్‌లో వాటర్ టవర్ కింద ఒకటి. కాకపోతే చెప్పులు వెయ్యకుండా వదలొద్దు, నీళ్ళు పడేచోట బానే ఉంటుంది, అక్కడి నుంచి టవల్ దగ్గరికి పరుగెత్తే ఆ పది అడుగుల సిమెంటే అసలు సమస్య. అలాగే మీ ఇంటి వెనక హోస్ పైపు తిప్పితే మొదట వచ్చే నీళ్ళు మరిగిపోయి ఉంటాయి, ఒళ్ళు కాలిపోయేంత. ముందు కాసేపు నేల మీదకి వదిలేసి, చేత్తో చూసుకుని అప్పుడు పిల్లల మీద పెట్టండి. ఇక్కడ జులైలో చన్నీళ్ళ కొళాయి తిప్పినా వేన్నీళ్ళే వస్తాయి, గీజర్ ఆపేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు.


కరీంనగర్_టు_కాక్టస్:

అక్కా, మీ బాబు ఫోర్త్ గ్రేడ్ అన్నరు కద, ముందు ఆ పని చెయ్యండ్రి. ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ అని ఫోర్త్ గ్రేడ్ పిల్లలకు నేషనల్ పార్క్ పాస్ ఫ్రీగ ఇస్తరు, కార్ల ఉన్న మనందరికి పనిచేస్తది. కాని అది ఆగస్టు 31తోని అయిపోతది, మళ్ళ రాదు. గ్రాండ్ కాన్యన్‌కు కారుకు 35 డాలర్లు ఉంటది మామూలుగ, అది మిగిలినట్టే. రూల్స్ అప్పుడప్పుడు మారుస్తుంటరు, ఆన్‌లైన్‌ల ఒకసారి చదివి పాస్ ప్రింట్ తీసుకొని పోండ్రి. సౌత్ రిమ్ అంటే కాన్యన్ దక్షిణం దిక్కు అంచు, 7000 అడుగుల ఎత్తుల ఉంటది, పైన మంచిగనే ఉంటది ఎండాకాలం కూడ. కిందికి మాత్రం దిగొద్దు, పిల్లలతోని అస్సలు వద్దు, దిగుతుంటే చల్లగనే అనిపిస్తది, ఎక్కేటప్పుడు తెలుస్తది, లోపల వేడి మన ఫీనిక్స్ లెక్కనే ఉంటది.

గుట్టలు ఎక్కుడే మన ఊటీ ఇక్కడ. వెయ్యి అడుగులు ఎక్కితే మూడు నాలుగు డిగ్రీలు (ఫారెన్‌హీట్) తగ్గుతది లెక్క, ఫ్లాగ్‌స్టాఫ్ మనకన్న 6000 అడుగుల పైన ఉంటది, గందుకే ఇక్కడ 112 ఉన్నప్పుడు అక్కడ 80ల్లో ఉంటది. ఫీనిక్స్ నుంచి 145 మైళ్ళు. పొద్దుగాల అయిదింటికి బయలుదేరండ్రి, పులిహోర కట్టుకోండ్రి, బఫెలో పార్కు అని ఉంటది ఫ్రీ, రెండు మైళ్ళ చుట్టు, సాపు దారి, ఎదురుంగ కొండలు. ముసలోళ్ళు కూడ ఆరాంగ నడుస్తరు. ఎత్తు కదా, బీపీ ఉన్నోళ్ళు జర నెమ్మదిగ, నీళ్ళు తాగుకుంట. జులైల మధ్యాహ్నం పిడుగులు పడతయి, పన్నెండు లోపల నడక అయిపోవాలె. ఆదివారం సాయంత్రం ఐ-17 హైవే మీద వాపస్ రాకండ్రి, కార్ల లైన్ చూస్తే ఏడుపొస్తది. వీక్ డే పోతే హాయి.

స్లైడ్ రాక్ అని అందరు చెప్తరు, సెడోనా దగ్గర, నీళ్ళల్ల జారుడు. మంచిగనే ఉంటది కాని సమ్మర్ వీకెండ్ ఎంట్రీ ఎక్కువ, పైగా పొద్దుగాలనే నిండిపోయి గేటు మూస్తరు. తక్కువల కావాలంటే పేసన్ దిక్కు పోండ్రి, దగ్గర. ఆడ టోంటో నేచురల్ బ్రిడ్జ్ ఉంటది, 183 అడుగుల ఎత్తు రాతి వంతెన, దాని కింద 400 అడుగుల గుహ లెక్క. కిందికి దిగే దారి నిట్రంగ ఉంటది, అది మీరు పిల్లడు దిగండ్రి, ముసలోళ్ళు పాప పైన వ్యూ పాయింట్ల నుంచి చూస్తరు, పార్కింగ్ పక్కనే.

ఇంకొకటి దుమ్ము తుఫాన్. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా మాన్‌సూన్ అంటరు ఇక్కడ. హబూబ్ వస్తే ఎదురుంగ గోధుమ రంగు గోడ నిలబడ్డట్టు వస్తది, రోడ్డు కనవడదు. అప్పుడు రోడ్డు దిగి ఎంత దూరం పక్కకు పోతే అంత దూరం ఆపి, లైట్లన్ని బంద్ చేసి, బ్రేక్ మీదికెల్లి కాలు తీయాలె. లైట్లు ఎందుకు బంద్ అంటే ఎనకొచ్చేటోడు మన ఎర్ర లైట్లు చూసి అదే రోడ్డు అనుకొని మన మీదికి వస్తడు. వాగులు పారుతుంటే బ్యారికేడ్ దాటిపోవద్దు, దాటి ఇరుక్కుంటే తీసిన ఖర్చు మన దగ్గరే వసూలు చేస్తరు, దానికి ఇక్కడ జనం పెట్టిన పేరు స్టుపిడ్ మోటరిస్ట్ లా. జోక్ కాదు, నిజంగనే చట్టం ఉంది.


పల్నాటి_పిన్ని:

ఇవన్నీ బానే ఉన్నాయి గానీ ఎండని చూసి అందరూ ఇంత భయపడతారేంటమ్మా, మాది రెంటచింతల పక్కన, ఎండ అంటే మాకు చెప్పాలా. ఒప్పుకుంటా, ఇక్కడిది వేరే రకం, 1990 జూన్ 26న 122 కొట్టింది ఈ ఊళ్ళో, అంటే మన లెక్కలో 50. మొన్న 2023లో అయితే 31 రోజులు వరసగా 110 కి తగ్గలేదు, అప్పుడు మేము ఇక్కడే ఉన్నాం. కానీ ఒక్కటి ఆలోచించండి, ఇంత ఎండ ఊరికే వస్తోంది, దాన్ని వాడుకోవద్దూ?

మీ అత్తగారు వస్తున్నారుగా జూన్ మొదట్లో. సరిగ్గా సమయానికి వస్తున్నారు. జూన్‌లో గాలిలో తేమ ఉండదు ఇక్కడ, ఒక్కోరోజు హ్యుమిడిటీ ఒక్క అంకెకి పడిపోతుంది. సగ్గుబియ్యం వడియాలు పొద్దున ఆరింటికి పెడితే పదకొండు కల్లా అంచులు పైకి లేచి చుట్టుకుంటూ ఉంటాయి, సాయంత్రానికి గలగలా డబ్బాలో పోసుకోవడమే. గుంటూరులో కూడా నేను ఒక్కరోజులో ఎండడం చూడలేదు. చల్ల మిరపకాయలు, గుమ్మడి వడియాలు, మాగాయ ముక్కలు, ఏదైనా సరే. మా మనవడు, ఎనిమిదేళ్ళు, స్పూన్‌తో గుండ్రంగా పెట్టమంటే డైనోసార్ ఆకారాలు పెట్టాడు, వేయించాక వాటి తోకలు విరిగాయని ఏడుపు. పిల్లలకి పొద్దున్నే లేవడానికి కూడా ఒక కారణం దొరుకుతుంది, లేకపోతే ఎవరు లేస్తారు.

కొన్ని జాగ్రత్తలు. పెరట్లోనే పెట్టండి, ఇంటి ముందు పెడితే కాలనీ రూల్స్ చూసే హెచ్ఓఏ వాళ్ళు ఉత్తరం పంపిస్తారు. పల్చటి తెల్ల వలగుడ్డ కప్పండి పావురాలకి. ప్లాస్టిక్ షీట్ వద్దు, ఈ ఎండకి మెత్తబడి వాసన పడుతుంది, పాత నూలు పంచె తడిపి పిండి దాని మీద పెట్టండి. ఎండాక వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే ఊడి వస్తాయి. జూన్ ఆఖరికల్లా ముగించుకోండి, ఆ తర్వాత దుమ్ము మొదలవుతుంది, కరీంనగర్ అబ్బాయి చెప్పిన ఆ గోడ మీ వడియాల మీదుగా పోయిందంటే అంతే సంగతులు.

మావయ్యగారికి ఒక మాట చెప్పండి, ఇక్కడ చెమట పట్టినట్టు తెలియదు, పట్టిందంటే పట్టినట్టే ఆరిపోతుంది. చెమటే పట్టలేదు కదా నాకేం కాలేదు అనుకుంటారు మన మగవాళ్ళు. దాహం వేసేదాకా ఆగకుండా మజ్జిగ తాగిస్తూ ఉండండి. గుండెకీ బీపీకీ మందులు వాడుతుంటే బయలుదేరే ముందే అక్కడి డాక్టర్‌ని అడిగి రమ్మనండి, ఇంత వేడిలో ఆ మందులతో ఎలా ఉండాలో.


రెండు_రూపాయల_డాక్టర్:

అందరూ ఫ్రీ ఫ్రీ అంటున్నారు, నేను కొంచెం ఎదురు చెప్తా. డబ్బు పెట్టాల్సిన చోటు ఒక్కటుంది, అది ఈత. మీరు అపార్ట్‌మెంట్‌లో ఉన్నా ఇంట్లో ఉన్నా ఇక్కడ ఎటు చూసినా పూల్, మీ కాంప్లెక్స్‌లో ఉంటుంది, బర్త్‌డే పార్టీకి వెళ్తే ఉంటుంది, పక్కింట్లో ఉంటుంది. అమెరికా మొత్తం మీద ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాలకి మొదటి కారణం నీళ్ళలో మునగడమే, మీ పాప ఇప్పుడే ఆ వయసు దాటింది. మ్యూజియంలు వచ్చే ఏడాది చూడొచ్చు. సిటీ పూల్స్‌లోనే లెసన్స్ ఉంటాయి, ప్రైవేట్ వాటితో పోలిస్తే చాలా తక్కువ, రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే నిండిపోతాయి కాబట్టి తర్వాతి సెషన్ ఎప్పుడో చూసి అలారం పెట్టుకోండి. అత్తయ్యగారు కూడా నేర్చుకోవచ్చు, పెద్దవాళ్ళ క్లాసులు ఉంటాయి, మా అమ్మ అరవై దాటాక నేర్చుకుంది, చుడీదార్‌తో దిగుతానంటే ఒప్పుకోలేదు, స్విమ్ లెగ్గింగ్స్ కొనిచ్చాం.

తాతయ్య ఉన్నారు కదా పిల్లల్ని చూస్తారు అని పూల్ దగ్గర వదలొద్దు. ఆయన యూట్యూబ్‌లో ప్రవచనం వింటూ ఉంటారు. పిల్లలు మునిగేటప్పుడు సినిమాల్లోలాగా కేకలు వెయ్యరు, చప్పుడే ఉండదు. ఒక పెద్ద మనిషి, చేతిలో ఫోన్ లేకుండా, నీళ్ళ వైపు చూస్తూ, పావుగంటకి ఒకసారి డ్యూటీ మార్చుకోండి. మా కాలనీలో మెడలో ట్యాగ్ వేసుకుంటాం, ట్యాగ్ ఎవరి మెడలో ఉంటే వాళ్ళదే పూచీ.

సాల్ట్ రివర్ ట్యూబింగ్ (గాలి ట్యూబుల మీద కూర్చుని నదిలో తేలుతూ వెళ్ళడం) అని ఎవరైనా చెప్తే ఈ ఏడాదికి వద్దనండి, ఎనిమిదేళ్ళు, నాలుగు అడుగులు ఉండాలి. మీ పాపని ఎలాగూ రానివ్వరు, పైగా అక్కడి పార్టీ వాతావరణం అత్తయ్య మావయ్యలతో చూడదగ్గది కాదు.


చాండ్లర్_కొత్తకాపురం:

అయ్యో ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్ అండి. ఎవ్రీ కిడ్ పాస్ సంగతి అసలు తెలియదు, ఇప్పుడే బాబుతో కూర్చుని ఆన్‌లైన్‌లో చేశాం, చిన్న యాక్టివిటీ చేయించి పాస్ ఇచ్చింది, ప్రింట్ కూడా తీశాం. వడియాల ఐడియా అత్తయ్యకి ఫోన్‌లో చెప్తే ఆవిడ ఒకటే సంతోషం, సూట్‌కేసులో జల్లెడ పెట్టుకుంటున్నారట, వద్దన్నా వినట్లేదు.

ఒక డౌట్. కారు లేని రోజుల్లో ఏం చెయ్యాలి? లైబ్రరీ మా ఇంటికి మైలున్నర, ఎండలో పాపతో నడవలేను. ఇంకొకటి, పిల్లలు సరే, మావయ్యగారికి ఏమైనా? ఆయన రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, షాపింగ్ మాల్‌కి తీసుకెళ్తే అరగంటలో విసుక్కుంటారు.


పట్టాల_ప్రేమికుడు:

కారు లేని రోజు కాదు, కారు మీ దగ్గర ఉన్న రోజునే ఇది చెయ్యండి, మీ ఆయన్ని ఆఫీసులో దింపేసి. టెంపేలో 101 ఫ్రీవే పక్కన లైట్ రైల్ పార్క్ అండ్ రైడ్ ఉంది, కారు అక్కడ పెట్టి ట్రైన్ ఎక్కండి. డే పాస్ పెద్దవాళ్ళకి 4 డాలర్లు. 44వ స్ట్రీట్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్‌కి స్కై ట్రైన్ ఉంటుంది, అది పూర్తిగా ఫ్రీ, డ్రైవర్ ఉండడు, ఏసీ చల్లగా ఉంటుంది, మీరు విమానం ఎక్కాల్సిన పనిలేదు. ముందు బోగీలో అద్దం దగ్గర నిలబెట్టండి పిల్లల్ని. ఒకచోట ట్రైన్ వంతెన విమానాల దారి మీదుగా పోతుంది, టైమ్ కలిసొస్తే మన కాళ్ళ కిందుగా విమానం నెమ్మదిగా వెళ్తూ కనిపిస్తుంది, తోక మన కిటికీ దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది. మా వాడు అది చూశాక రెంటల్ కార్ సెంటర్ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి, నేను అక్కడే కూర్చుని మీటింగ్ కూడా అటెండ్ అయిపోయా. టెర్మినల్ 4 లో సెక్యూరిటీ బయటే బొమ్మలు, పెయింటింగ్‌లు ప్రదర్శన పెడతారు, ఎండ లేకుండా వాకింగ్ అయిపోతుంది మావయ్యగారికి.

హిస్టరీ లెక్చరర్ అంటే స్టేట్ క్యాపిటల్ మ్యూజియం తప్పకుండా చూపించండి. 1901 నాటి భవనం, పైన రాగి గుమ్మటం, వీక్ డేస్‌లో ఎంట్రీ ఫ్రీ. పెర్ల్ హార్బర్‌లో మునిగిన యూఎస్ఎస్ అరిజోనా ఓడ సామాన్లు లోపల ఉన్నాయి, ఎదురుగా ఉన్న ప్లాజాలో ఆ ఓడ లంగరు నిలబెట్టి ఉంటుంది, అంత పెద్ద లంగరు పక్కన మనిషి నిలబడితే పిల్లాడిలా కనిపిస్తాడు. అది బయట కాబట్టి పొద్దున్నే చూసేసి లోపలికి వెళ్ళండి. మీ చాండ్లర్ మ్యూజియం కూడా ఫ్రీనే, చిన్నది.

బాబుకైతే అరిజోనా స్టేట్ యూనివర్సిటీ (ఏఎస్‌యూ) టెంపే క్యాంపస్‌లో ఐఎస్‌టీబీ4 అని బిల్డింగ్ ఉంది, వీక్ డేస్‌లో వెళ్ళాలి, కింద హాల్లో నాసా మార్స్ మీదకి పంపిన క్యూరియాసిటీ రోవర్ నమూనా అసలు సైజులోనే ఉంటుంది, కారంత ఉంటుందని చెప్తే నమ్మరు, చూస్తే గానీ. ఉల్కల గ్యాలరీ కూడా ఉంది పైన. ఎంట్రీ ఫ్రీ, పార్కింగ్‌కే డబ్బులు, అందుకే లైట్ రైల్‌లో వెళ్ళమంటున్నా, కానీ స్టేషన్ నుంచి కొంచెం నడవాలి, గొడుగు పట్టుకెళ్ళండి. ఇక్కడ ఎండకి గొడుగు వేసుకుంటే మనల్ని వింతగా చూసేవాళ్ళు ఒకప్పుడు, ఇప్పుడు వాళ్ళూ వేసుకుంటున్నారు.

జూన్ 21 ప్రాంతంలో డౌన్‌టౌన్‌లో ఉంటే బర్టన్ బార్ లైబ్రరీ అయిదో అంతస్తుకి వెళ్ళండి. పై కప్పులో స్తంభాల మీద గుండ్రటి అద్దాలు ఉంటాయి, ఆ రోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చినప్పుడు వెలుగు వాటిలోంచి స్తంభాల పైన పడి కొవ్వొత్తులు వెలిగించినట్టు అవుతుంది. మన గుళ్ళలో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయి కదా, అలా కట్టారు. గడియారం పన్నెండు కొట్టినప్పుడు కాదు, ఇక్కడ సూర్యుడు నెత్తి మీదకి వచ్చేది పన్నెండున్నర ప్రాంతంలో. జనం నేల మీద పడుకుని మరీ చూస్తారు.


గిల్బర్ట్_వనజ:

గబ్బిలాలు మర్చిపోయా! 40వ స్ట్రీట్, క్యామెల్‌బ్యాక్ రోడ్ దగ్గర అరిజోనా కెనాల్ పక్కన వరద నీటి సొరంగం ఉంది, సమ్మర్‌లో దాంట్లో వేల కొద్దీ గబ్బిలాలు ఉంటాయి. సూర్యుడు మునిగిన కాసేపటికి ఒక్కటొక్కటిగా మొదలై తర్వాత పొగలాగా బయటికి వస్తూనే ఉంటాయి. టికెట్ లేదు, గేటు లేదు. వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది, మా అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మరీ చివరిదాకా నిలబడ్డారు.

ఇంకో రెండు చిన్నవి. హోమ్ డిపోలో నెల మొదటి శనివారం పొద్దున పిల్లలకి చెక్కతో ఏదో ఒకటి చేయిస్తారు ఫ్రీగా, ఆరెంజ్ ఏప్రన్ ఇస్తారు, సుత్తి వాళ్ళ చేతికే ఇస్తారు. కిడ్స్ బౌల్ ఫ్రీ అని ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే సమ్మర్ అంతా రోజుకి రెండు బౌలింగ్ గేమ్స్ ఫ్రీ పిల్లలకి, షూస్ అద్దె మాత్రం కట్టాలి, మీకు దగ్గర్లో ఏ సెంటర్ ఉందో ఆ సైట్‌లోనే కనిపిస్తుంది. హార్కిన్స్ సినిమా థియేటర్ల వాళ్ళు కూడా సమ్మర్‌లో వీక్ డేస్ పొద్దున పూట పాత పిల్లల సినిమాలు తక్కువ టికెట్‌కి వేస్తారు.

కారు లేని రోజుకి నా సలహా ఒక్కటే, మీ కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. లైబ్రరీకి వెళ్ళే తెలుగు అమ్మ ఒకరు దొరక్కపోరు చాండ్లర్‌లో. లేదంటే నేను మంగళవారాలు సన్‌సెట్ బ్రాంచికి వస్తా, మెసేజ్ చెయ్యండి, నా వ్యాన్‌లో సీట్లు ఖాళీనే.

అన్నట్టు జులై చివర్లోనే స్కూళ్ళు తెరిచేస్తారు ఇక్కడ, న్యూజెర్సీ లాగా సెప్టెంబర్ దాకా కాదు. మీరు లెక్కేసుకుంటున్నంత సమ్మర్ లేదు అసలు.


చాండ్లర్_కొత్తకాపురం:

జులైలోనే స్కూలా!! ఈ ఒక్క మాట మొదటే చెప్పి ఉంటే సగం టెన్షన్ పోయేది కదండి :)) వనజ గారూ మెసేజ్ చేశాను, చూడండి. పిన్ని గారూ, అత్తయ్య సగ్గుబియ్యం కొలత అడుగుతున్నారు, ఆవిడ ఎప్పుడూ బియ్యప్పిండి వడియాలే పెట్టారట.


పల్నాటి_పిన్ని:

కప్పు సగ్గుబియ్యం రాత్రి నానబెట్టి పొద్దున అయిదారు కప్పుల నీళ్ళలో గింజ అద్దంలా అయ్యేదాకా ఉడికించమనండి. జీలకర్ర, నూరిన పచ్చిమిర్చి. ఉప్పు మామూలుగా వేసే దాంట్లో సగమే, ఎండాక ఎక్కువైపోతుంది. నిమ్మరసం దించాక పిండాలి. మరీ చిక్కగా దించొద్దు, ఇక్కడి గాలికి గిన్నెలోనే గట్టిపడిపోతుంది, స్పూన్ జారేలా ఉండాలి.